అమెరికా కాలేజీల ఎర్లీ డెసిషన్: సంతకానికి ముందు తెలుగు కుటుంబాలు అడిగే ప్రశ్నలు

అమెరికాలో డిగ్రీ చదువుకు అప్లై చేసే పిల్లలున్న ఇళ్లలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఒకటే చర్చ. ఎర్లీ డెసిషన్ వేద్దామా, వద్దా? హైదరాబాద్, విజయవాడల్లో ఉండే తల్లిదండ్రులూ, న్యూజెర్సీ, డాలస్ వైపు స్థిరపడ్డవాళ్లూ నన్ను పదే పదే అడిగిన ప్రశ్నల్ని ఇక్కడ ఒకచోట చేర్చాను. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఎర్లీ డెసిషన్ ముందు డబ్బు గురించిన నిర్ణయం, తర్వాతే కాలేజీ గురించిన నిర్ణయం. ఖర్చు లెక్క తేలని ఇంట్లో ఈ సంతకం పెట్టకూడదు.

ఎర్లీ డెసిషన్ అంటే ఏమిటి?

అన్నిటికన్నా ఇష్టమైన ఒక్క కాలేజీకి ముందుగా అప్లై చేసి, "సీటిస్తే తప్పకుండా చేరతాను" అని రాతపూర్వకంగా మాటివ్వడం. అందరూ ఈడీ అని పిలుస్తారు. గడువు ఎక్కువ కాలేజీల్లో నవంబరు 1 లేదా 15. ఫలితం డిసెంబరు మధ్యలో వస్తుంది. సీటొస్తే మిగతా కాలేజీలకు పెట్టిన అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి, కొత్తవి పెట్టకూడదు.

కొలంబియా, కార్నెల్, పెన్, బ్రౌన్, డార్ట్‌మత్, డ్యూక్, నార్త్‌వెస్టర్న్, రైస్, జాన్స్ హాప్‌కిన్స్, కార్నెగీ మెలన్, ఎన్‌వైయూ వంటివి ఈ పద్ధతి పాటిస్తాయి. ఇవన్నీ ప్రైవేటువే. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఈడీ తక్కువ. వర్జీనియా యూనివర్సిటీలో ఉంది, మిషిగన్ కూడా 2026లో చేరే బ్యాచ్ నుంచి మొదలుపెట్టింది.

ఎర్లీ యాక్షన్ కూడా ఇదే కదా?

కాదు. ఈ రెండిటినీ కలిపేసుకుని ఇబ్బంది పడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎర్లీ యాక్షన్‌లో ఫలితం ముందే వస్తుంది గానీ చేరి తీరాలన్న కట్టుబాటు ఉండదు. మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. పర్డ్యూ, ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్, జార్జియా టెక్ వంటి మన పిల్లలు ఎక్కువగా చూసే చోట్ల ఉన్నది ఎర్లీ యాక్షనే.

మూడో రకం రెస్ట్రిక్టివ్ ఎర్లీ యాక్షన్. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లలో ఉన్నది ఇది. ఇక్కడ కూడా సీటొస్తే చేరాలని లేదు. కానీ అదే సమయంలో ఇంకో ప్రైవేటు కాలేజీకి ఎర్లీ పద్ధతిలో అప్లై చేయనివ్వరు. ప్రభుత్వ యూనివర్సిటీలకూ, వేరే దేశాల యూనివర్సిటీలకూ సాధారణంగా అభ్యంతరం ఉండదు. నోటర్ డామ్ నియమం ఇంకాస్త సడలింపుగా ఉంటుంది, ఈడీని మాత్రం అదీ ఒప్పుకోదు. కాబట్టి "స్టాన్‌ఫర్డ్‌కి ఎర్లీ వేసి, కార్నెల్‌కి ఈడీ వేస్తాం" అంటే కుదరదు.

ఈడీ ఒకచోట వేసి, ఎర్లీ యాక్షన్ మరికొన్ని చోట్ల వేయొచ్చా?

చాలా వరకు వేయొచ్చు, వేయాలి కూడా. ఈడీ ఒక్కటే ఉండాలి. దానితో పాటు పర్డ్యూ, ఇల్లినాయ్ లాంటి చోట్ల ఎర్లీ యాక్షన్, నవంబరు చివర గడువుండే కాలిఫోర్నియా యూనివర్సిటీలు, జనవరి గడువుండే రెగ్యులర్ కాలేజీలు, అన్నిటికీ పని సాగుతూనే ఉండాలి. (రెగ్యులర్ అంటే ఎర్లీ కాని, కట్టుబాటు లేని మామూలు పద్ధతి.) డిసెంబరులో "నో" వచ్చాక మిగతా వ్యాసాలు రాయడం మొదలుపెట్టిన పిల్లలు ఆ రెండు వారాల్లో ఎంత నలిగిపోతారో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఈడీ కాలేజీ పేజీలో దాని సొంత షరతులు ఉంటాయి, ఒకసారి పూర్తిగా చదవండి. ఒక్కో కాలేజీ ఒక్కోలా రాస్తుంది.

సంతకం ఎవరెవరు పెడతారు? అందులో ఏముంటుంది?

కామన్ యాప్ (ఒకే ఫారంతో చాలా కాలేజీలకు అప్లై చేసే వెబ్‌సైట్) ద్వారా అప్లై చేస్తే ఈడీ ఒప్పందం మీద ముగ్గురు సంతకం చేయాలి. విద్యార్థి, తల్లిదండ్రుల్లో ఒకరు, స్కూల్ కౌన్సెలర్. అర పేజీ కూడా ఉండదు. అయినా ఇంట్లో అందరూ కూర్చుని చదవాల్సిన కాగితం అదే. సీటొస్తే వెంటనే మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకోవాలనీ, ఆ తర్వాత ఏ దేశంలోనూ మరే యూనివర్సిటీకీ అప్లై చేయకూడదనీ ఉంటుంది. విద్యార్థి పేరునూ ఒప్పందాన్నీ ఇతర కాలేజీలతో పంచుకోవచ్చని కూడా ఉంటుంది.

మరో రెండు వాక్యాలు మన కుటుంబాలకు చాలా ముఖ్యం. ఫైనాన్షియల్ ఎయిడ్ (కాలేజీ ఖర్చుకు ఇచ్చే ఆర్థిక సాయం) కోసం అప్లై చేసిన విద్యార్థి, ఎయిడ్ ఎంత ఇస్తారో తేలే దాకా మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకోనక్కర్లేదు. ఇచ్చిన ఎయిడ్‌తో చేరడం సాధ్యం కాకపోతే సీటు వదులుకుని, ఒప్పందం నుంచి బయటపడవచ్చు. ఒప్పందంలో రాసిపెట్టిన దారి ఇదొక్కటే.

మాది ఇంటర్మీడియట్ కాలేజీ. కౌన్సెలర్ అంటే ఎవరూ లేరు. ఎలా?

ప్రిన్సిపాల్‌గానీ, అమ్మాయినో అబ్బాయినో బాగా ఎరిగిన లెక్చరర్‌గానీ ఆ పాత్ర తీసుకోవచ్చు. చిక్కు సంతకం దగ్గర రాదు, అవగాహన దగ్గర వస్తుంది. మన జూనియర్ కాలేజీల్లో ఈడీ అన్న మాటే విననివాళ్లు ఎక్కువ. ఏదో ఫారం అనుకుని సంతకం పెట్టేస్తారు. సెప్టెంబరులోనే వెళ్లి, ఈ సంతకం అర్థమేమిటో, ఆ తర్వాత వాళ్లు పంపాల్సినవేమిటో (మార్కుల జాబితాలు, మధ్యలో ఒక నివేదిక, చివరి ఫలితాలు) ఓపికగా చెప్పండి. మన కాలేజీల్లో అక్టోబరంటే దసరా సెలవులు. ఆఫీసు తెరిచే ఉండదు. నవంబరు 1 గడువుకు అక్టోబరు చివరి వారంలో పరుగెత్తితే పని కాదు.

డబ్బు సంగతి చెప్పండి. ఈడీ వేస్తే స్కాలర్‌షిప్ తగ్గుతుందా?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే అసలు విషయం ఇదే.

పేరున్న ప్రైవేటు కాలేజీలో ట్యూషన్, హాస్టల్, భోజనం, ఇన్సూరెన్స్ అన్నీ కలిపితే ఇప్పుడు ఏడాదికి 90 వేల డాలర్ల చుట్టుపక్కల ఉంది. నాలుగేళ్లకు మూడు కోట్ల రూపాయలు దాటుతుంది. ఐవీ లీగ్ కాలేజీలు (హార్వర్డ్, యేల్, కొలంబియా వంటి ఎనిమిది పాత ప్రైవేటు యూనివర్సిటీలు) మార్కుల్ని బట్టి, ప్రతిభను బట్టి స్కాలర్‌షిప్ ఇవ్వవు. కుటుంబ ఆదాయం, ఆస్తులు చూసి, అవసరాన్ని బట్టి మాత్రమే ఇస్తాయి. అవసరాన్ని లెక్కగట్టేది మీరు కాదు, వాళ్ల ఆఫీసు. ఊళ్లో ఉన్న స్థలం, పొలం, నాన్నగారి వ్యాపారం, ఇవన్నీ సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఫారంలో చూపించాల్సి వస్తుంది. చేతిలో నగదు లేకపోయినా కాగితం మీద ఆస్తి ఉన్న కుటుంబాలకు ఎయిడ్ అనుకున్నదానికన్నా చాలా తక్కువ వస్తుంది. మన దగ్గర ఇది తరచుగా జరిగేదే.

ఈడీ వేసినంత మాత్రాన అవసరాన్ని బట్టి ఇచ్చే ఎయిడ్ తగ్గిస్తామని ఏ కాలేజీ చెప్పదు. పోయేది పోల్చి చూసుకునే అవకాశం. రెగ్యులర్‌గా అప్లై చేసిన పిల్లవాడికి ఏప్రిల్‌లో నాలుగు ఆఫర్లు పక్కపక్కన ఉంటాయి. ఒక కాలేజీ 40 వేల డాలర్లిచ్చి, మరొకటి 25 వేలే ఇస్తే, రెండో కాలేజీకి ఆ మాట రాసి మరికొంత అడగొచ్చు. ఈడీలో ఆ బేరానికి చోటు లేదు. ధర అడక్కుండా ఇంటి స్థలానికి బయానా ఇచ్చినట్టే. స్కాలర్‌షిప్ ఎక్కడ ఎక్కువొస్తే అక్కడ చేరాలన్నది మీ ప్లాన్ అయితే ఈడీ మీకు తగినది కాదు. మరో మాట అక్కర్లేదు.

ఎంత ఖర్చవుతుందో ముందే తెలుసుకునే మార్గం లేదా?

అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఉంది. ఫెడరల్ సాయం తీసుకునే ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (ఎయిడ్ పోను మీరు కట్టాల్సింది అంచనా వేసే సాధనం) పెట్టాలని 2008లో చట్టం చేశారు. 2011 నుంచి అది అమల్లో ఉంది. గత ఏడాది పన్ను కాగితాలు ముందు పెట్టుకుని అరగంట కూర్చుంటే సుమారుగా ఎంత పడుతుందో తెలుస్తుంది. సొంత వ్యాపారం, అద్దె ఇళ్లు, విడాకులు ఉన్న కుటుంబాలకు ఆ అంకె సరిగా రాదు. వాళ్లు ఎయిడ్ ఆఫీసుకు నేరుగా ఫోన్ చేయడమే మంచిది.

ఇండియా నుంచి అప్లై చేసేవాళ్లకు ఈ కాలిక్యులేటర్లు చాలా వరకు పనికిరావు. అవి అమెరికన్ కుటుంబాల కోసం తయారుచేసినవి. అందులో వచ్చిన అంకెను నమ్మి ఈడీ సంతకం పెట్టకండి.

ఇండియా నుంచి అప్లై చేస్తూ ఎయిడ్ అడిగితే సీటు అవకాశం తగ్గుతుందా?

ఎక్కువ కాలేజీల్లో తగ్గుతుంది. ఇంటర్నేషనల్ విద్యార్థి ఎయిడ్ అడిగాడా లేదా అన్నది చూసి సీటు నిర్ణయించే కాలేజీలే ఎక్కువ. కొలంబియా, కార్నెల్, పెన్, డ్యూక్ ఆ కోవలోవే. అడిగినా అడగకపోయినా ఒకేలా చూస్తామనేవి కొన్నే. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ పాతవి. డార్ట్‌మత్, బౌడిన్ 2022లో చేరాయి, బ్రౌన్ ఆ తర్వాత. వీటిలో డార్ట్‌మత్, బ్రౌన్, ఆమ్‌హర్స్ట్, బౌడిన్‌లకు ఈడీ ఉంది. ఎయిడ్ తప్పనిసరైన మన పిల్లలు ఈడీ వేయాలనుకుంటే ముందు చూడాల్సింది ఈ నాలుగింటినే అని నా సలహా.

కొందరు ఒక ఉపాయం చెబుతుంటారు. "ఇప్పుడు ఎయిడ్ వద్దనండి, సీటొచ్చాక అడగొచ్చు" అని. ఇది చాలా ప్రమాదకరం. చాలా కాలేజీలు మొదట అడగని ఇంటర్నేషనల్ విద్యార్థికి నాలుగేళ్లలో ఎప్పుడూ ఎయిడ్ ఇవ్వమని రాసే ఉంచాయి. పైగా ఎయిడ్ అడగలేదు కాబట్టి, డబ్బు చాలక రాలేకపోతున్నామని ఒప్పందం నుంచి బయటపడే దారీ మీకు ఉండదు. రెండు తలుపులూ మూసుకుపోతాయి.

మేం అమెరికాలోనే ఉంటున్నాం, కానీ పిల్లలు హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద ఉన్నారు. మా సంగతి?

ఇది చాలా మంది తెలుగు ఇళ్లలో ఉన్న బాధ. పదేళ్లుగా పన్నులు కడుతున్నా, పిల్లలు కిండర్‌గార్టెన్ నుంచి ఇక్కడే చదివినా, హెచ్-4 మీద ఉన్న విద్యార్థికి ఫెడరల్ ఎయిడ్ రాదు. చాలా ప్రైవేటు కాలేజీలు ఎయిడ్ విషయంలో ఆ పిల్లల్ని ఇంటర్నేషనల్ విద్యార్థులుగానే లెక్కగడతాయి. అంటే పై ప్రశ్నకు చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది. అమెరికాలో పుట్టిన తమ్ముడికో చెల్లెలికో ఈ ఇబ్బంది ఉండదు. తల్లిదండ్రుల వీసా ఏదైనా వాళ్లు పౌరులే, ఫ్యాఫ్సా (ఫెడరల్ ఎయిడ్‌కు అప్లై చేసే ఫారం) నింపొచ్చు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు రకాల నియమాలు.

మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. చాలా రాష్ట్రాల్లో హెచ్-4 పిల్లలకు సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలో స్థానికుల ఫీజే వర్తిస్తుంది. ఆ ఫీజునూ, ఈడీ కాలేజీ పూర్తి ఫీజునూ కాగితం మీద పక్కపక్కన రాసి, ఆ తేడా మోయగలరో లేదో చూసుకోండి. 21 ఏళ్లు నిండేలోపు గ్రీన్‌కార్డు రాకపోతే విద్యార్థి హెచ్-4 నుంచి ఎఫ్-1కి (విద్యార్థి వీసా) మారాల్సి రావచ్చు. అప్పుడు స్థానికుల ఫీజు ఏమవుతుందో యూనివర్సిటీని ముందే అడగండి. సీటు, ఎయిడ్, వీసా, ఈ మూడూ అడగకుండా ఈడీ వైపు వెళ్లొద్దు.

ఈడీలో సీటు తేలిగ్గా వస్తుందంటారు. నిజమేనా?

కొంత నిజం. ఈడీలో ఎంపికైనవారి శాతం రెగ్యులర్ కన్నా ఎక్కువే కనిపిస్తుంది. చాలా కాలేజీలు తమ క్లాసులో సగం దాకా ఈ దారిలోనే నింపుతాయి. చేరతామని మాటిచ్చిన విద్యార్థి కాలేజీకి భరోసా. ఎంతమందికి ఆఫరిస్తే ఎంతమంది చేరతారన్న లెక్క తేలిగ్గా కుదురుతుంది.

కానీ ఆ శాతంలో ముందే మాట్లాడుకుని తీసుకునే క్రీడాకారులు, పూర్వ విద్యార్థుల పిల్లలు, కొన్ని ప్రత్యేక కార్యక్రమాల ద్వారా వచ్చినవాళ్లు కలిసి ఉంటారు. వాళ్లను తీసేస్తే హైదరాబాద్ నుంచి కంప్యూటర్ సైన్స్‌కి అప్లై చేసే విద్యార్థికి మిగిలే లాభం చిన్నది. కార్నెగీ మెలన్ కంప్యూటర్ సైన్స్‌కి రెగ్యులర్‌లో సరిపోని ప్రొఫైల్, ఈడీ వేసినంత మాత్రాన సరిపోదు. అంచున ఉన్నవాళ్లకు కాస్త తోడ్పడుతుంది, అంతే.

ఇది డబ్బున్న కుటుంబాలకే ఎక్కువ పనికొస్తుందన్న విమర్శ పాతదే. 2006లో హార్వర్డ్, ప్రిన్స్‌టన్, వర్జీనియా ఇదే కారణం చెప్పి ఎర్లీ పద్ధతుల్ని తీసేశాయి. 2011లో మూడూ ఎర్లీ యాక్షన్‌తో తిరిగొచ్చాయి. వర్జీనియా 2019లో ఈడీని కూడా తెచ్చింది. 2025 ఆగస్టులో కొందరు విద్యార్థులు ఈడీ పద్ధతి పోటీ చట్టాలకు విరుద్ధమంటూ 32 కాలేజీల మీద ఫెడరల్ కోర్టుకెక్కారు. విమర్శలో న్యాయం ఉందనే నేననుకుంటాను. అయినా ఈ ఏడాది అప్లై చేసే విద్యార్థికి నియమాలు మారలేదు.

ఫలితం ఎన్ని రకాలుగా రావచ్చు?

మూడు. సీటొస్తే చేరాలి, జనవరిలోపే డిపాజిట్ కట్టమంటారు. డిఫర్ అంటే రెగ్యులర్ అప్లికేషన్లతో కలిపి మళ్లీ చూస్తారు. అప్పుడు మీ మీద కట్టుబాటు ఉండదు, మార్చిలో సీటొచ్చినా వద్దనొచ్చు. రాలేదంటే ఆ ఏడాదికి ఆ కాలేజీ అయిపోయినట్టే, రెగ్యులర్‌లో మళ్లీ అప్లై చేయలేరు.

ఈడీ టూ అంటే?

ఈడీకి రెండో విడత. గడువు జనవరి మొదట్లో, ఫలితం ఫిబ్రవరి మధ్యలో. నియమాలు అవే. వాండర్‌బిల్ట్, ఎమోరీ, టఫ్ట్స్, ఎన్‌వైయూ, షికాగో వంటి చోట్ల ఉంది. మొదటి ఈడీలో సీటు రానివాళ్లు, డిఫర్ అయినవాళ్లు వేసుకోవచ్చు. డిసెంబరులో దెబ్బతిన్న మనసుతో, ఎక్కడో ఒకచోట ఖాయమైతే చాలనుకుని వేయడం ఎక్కువగా చూస్తుంటాం. ఆ కాలేజీ అక్టోబరు నుంచే మీ జాబితాలో పైన ఉందా? లేకపోతే వదిలేయండి.

సీటొచ్చాక మనసు మారితే? మాట తప్పితే కోర్టుకు లాగుతారా?

లాగరు. కాలేజీలు అలా చేయడం అలవాటు లేదు. కానీ ఏమీ కాదనుకోవడం పొరపాటు. ఈడీ మీద సీటొచ్చిన విద్యార్థి మార్కుల్ని కౌన్సెలర్ మరెక్కడికీ పంపరు. వేరే కాలేజీకి తెలిస్తే అక్కడి సీటూ పోవచ్చు. అన్నిటికన్నా పెద్ద నష్టం వెనక వచ్చే పిల్లలకు. కొలరాడోలోని ఒక ప్రైవేటు స్కూల్ విద్యార్థి ఈడీ మాట తప్పాడని, ట్యూలేన్ యూనివర్సిటీ ఆ స్కూల్ నుంచి ఏడాది పాటు ఈడీ అప్లికేషన్లు తీసుకోనని చెప్పింది. 2025లో ఈ విషయం వార్తల్లోకి వచ్చింది. ఒక్కరు చేసిన దానికి ఆ ఏడాది పిల్లలందరికీ ఆ దారి పోయింది. మన దగ్గర ఒక జూనియర్ కాలేజీ నుంచి మొదటిసారి అమెరికాకు అప్లై చేసే విద్యార్థి మాట తప్పితే, ఆ కాలేజీ పేరు మీద అమెరికాలో పడే తొలి ముద్ర అదే అవుతుంది.

2019 సెప్టెంబరులో అమెరికా న్యాయశాఖ ఒత్తిడితో అడ్మిషన్ కౌన్సెలర్ల జాతీయ సంఘం తన నియమావళి నుంచి కొన్ని నిబంధనలు తొలగించింది. ఈడీ వేసినవాళ్లకు ప్రత్యేక ప్రోత్సాహకాలు ఇవ్వకూడదన్నది వాటిలో ఒకటి. దాన్ని పట్టుకుని "ఈడీ ఇప్పుడు కట్టుబాటు కాదు" అని చెప్పేవాళ్లు కనిపిస్తారు. అది నిజం కాదు. మీరు సంతకం పెట్టిన ఒప్పందం అలాగే ఉంది.

ఎయిడ్ చాలకపోతే ఎలా బయటపడాలి?

ముందు ఎయిడ్ ఆఫీసుకు రాయండి. ఆదాయంలో వచ్చిన మార్పు, వైద్య ఖర్చులు, తాతయ్య, నాయనమ్మల పోషణ, రెండో పిల్లవాడి ఫీజు, ఏవి ఉంటే అవి కాగితాలతో సహా పంపి, మళ్లీ చూడమని అడగండి. కొన్నిసార్లు పెంచుతారు. అప్పటికీ కుదరకపోతే, ఒప్పందం నుంచి విడుదల చేయమని అడ్మిషన్ ఆఫీసును మర్యాదగా కోరండి, కౌన్సెలర్‌కు తెలియజేయండి. నిజమైన ఇబ్బంది ఉన్నచోట కాలేజీలు పట్టుబట్టవు. అయితే మార్చి దాకా ఆగి, మిగతా ఆఫర్లు చూసి చెబుతామంటే ఒప్పుకోరు. అక్కడ ఉంటారా, వదులుకుంటారా అన్నది అప్పుడే తేల్చుకోవాలి.

ఈడీలో సీటొచ్చాక జేఈఈ, బిట్‌శాట్ రాయొచ్చా?

పరీక్ష రాయడం ఒకటి, సీటు కోసం అప్లై చేయడం మరొకటి. జనవరి జేఈఈ మెయిన్‌కి ముందే ఫీజు కట్టి ఉంటే, ఆ పరీక్ష రాయడాన్ని ఎవరూ పట్టించుకోకపోవచ్చు. కానీ ఒప్పందంలో "ఏ దేశంలోనూ" అన్న మాట ఉంది. బిట్‌శాట్‌కి కొత్తగా అప్లై చేయడం, జూన్‌లో జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల) కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టడం ఆ మాటకు విరుద్ధం. వీసా రాదేమోనన్న భయంతో ఇక్కడ ఒక సీటు పట్టుకోవాలనుకుంటే, ఆ భయాన్ని అడ్మిషన్ ఆఫీసుకే మెయిల్ రాసి అడగండి. వీసా దొరకనప్పుడు ఏం చేస్తారో, చేరికను ఏడాది వాయిదా వేస్తారో లేదో చెబుతారు. జవాబు రాతలో ఉంచుకోండి.

సీటొచ్చింది కదా, ఇక బోర్డు పరీక్షలు ఎలా రాసినా పర్వాలేదా?

ఈడీ సీటు కూడా షరతుతో ఇచ్చినదే. చివరి మార్కుల జాబితా చూశాకే అది ఖరారవుతుంది. మే నెలలో వచ్చే సీబీఎస్‌ఈ ఫలితం స్కూల్ ముందుగా అంచనా వేసి పంపిన మార్కులకు బాగా దూరంగా ఉంటే వివరణ అడుగుతారు. సీటు వెనక్కి తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. డిసెంబరులో సీటొచ్చిన అబ్బాయిని ఫిబ్రవరిలో పుస్తకం ముందు కూర్చోబెట్టడం కష్టమే, తప్పదు.

ఇంకా సందేహంగా ఉంది. ఎవరిని అడగాలి?

హైదరాబాద్‌లో ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ సలహా కేంద్రం ఉంది. అమెరికా విదేశాంగ శాఖ నడిపే వ్యవస్థలో భాగం కాబట్టి ఏ ఒక్క కాలేజీ తరఫునా మాట్లాడరు. కమీషన్ మీద నడిచే కన్సల్టెన్సీకి వెళ్లే ముందు వాళ్లతో ఒకసారి మాట్లాడండి. ఈడీ వేయాలనుకుంటున్న కాలేజీ ఎయిడ్ ఆఫీసుకు అక్టోబరు మొదట్లోనే మెయిల్ పెట్టండి. మీ వీసా స్థితి, సుమారు ఆదాయం, ఏడాదికి ఎంత కట్టగలరో రాసి, ఇలాంటి కుటుంబాలకు ఎయిడ్ ఎలా లెక్కగడతారని అడగండి. ఆ జవాబు వచ్చేదాకా ఒప్పందం మీద సంతకం ఆపండి. గడువులోపు జవాబు రాకపోతే ఆ కాలేజీకే రెగ్యులర్‌లో అప్లై చేయొచ్చు. దానికి జనవరి దాకా సమయం ఉంటుంది.